షుగర్ దిగకపోతే చిగుళ్ళ డాక్టర్ దగ్గరికి పంపించారు: నా అనుభవం

యార్డులో తెలిసినవాళ్ళు, మా వీధిలోవాళ్ళు కనిపించినప్పుడల్లా "ఏంటి గుమాస్తా గారూ, షుగర్‌కి పళ్ళ డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకున్నారంట?" అని అడుగుతున్నారు. కొందరు ఎగతాళికి, కొందరు నిజంగానే తెలుసుకుందామని. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. యాభై దాటాయి, షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ వేళకి వేసుకుంటాను. రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టెకి మారాను, పొద్దున్నే నడుస్తాను. ఇంత చేసినా హెచ్‌బీఏ1సీ మాత్రం 8.3, 8.4 దగ్గరే తిరుగుతూ ఉండేది. ఈ పరీక్ష తెలియనివాళ్ళకి ఒక్క మాట: నిన్న ఏం తిన్నాం, ఇవాళ ఏం తిన్నాం అన్నదాన్ని బట్టి ఇది మారదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్ళూ దానికి అంటుకున్న చక్కెరని బట్టి గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్తారు. 6.5, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు, ఉన్నవాళ్ళని చాలావరకు 7 లోపు ఉంచుకోమంటారు. కాబట్టి పరీక్షకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని డాక్టర్ని నమ్మించడం కుదరదు.

కొత్తపేటలో నేను చూపించుకునే షుగర్ డాక్టర్ గారికి మొదట నా తిండి మీదే అనుమానం. "నిజం చెప్పండి, యార్డులో ఎన్ని టీలు తాగుతారు, వాటిలో పంచదార ఎంత?" అని అడిగారు. మా ఆవిడ పక్కనే ఉంది, ఆమె నాకంటే గట్టిగా వాదించింది, "లేదండీ, ఈయన పండక్కి బూరె కూడా సగమే తింటారు" అని. ఆయన కాసేపు రిపోర్టులు తిరగేసి, ఇంకో మాత్ర కలిపే ముందు ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ దాక్కుని ఉందేమో చూద్దాం అన్నారు. మూత్ర పరీక్ష, పాదాలు, ఊపిరితిత్తులు అన్నీ చూశారు, ఏమీ లేదు. అప్పుడు అడిగారు, "పళ్ళు తోముకునేటప్పుడు రక్తం వస్తుందా?" అని.

వస్తుంది. ఎప్పటినుంచో వస్తుంది. మన ఇళ్ళల్లో దానికి సమాధానం సిద్ధంగానే ఉంటుంది కదా: వేడి చేసింది. మజ్జిగ తాగు, సబ్జా నీళ్ళు తాగు, నిమ్మకాయ పిండుకో. పైగా మాది గుంటూరు, ఏం వచ్చినా కారం మీదకి తోసేయొచ్చు. నొప్పి ఉంటే ఎవరైనా పట్టించుకుంటారు. ఈ చిగుళ్ళ జబ్బులో తిరకాసంతా అక్కడే ఉంది, పన్ను కదిలేదాకా నొప్పి రాదు. పిప్పి పన్నయితే రాత్రంతా నిద్ర పోనివ్వకుండా మనల్ని లాక్కెళ్ళి డాక్టర్ కుర్చీలో కూర్చోబెడుతుంది, ఇది మాత్రం ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఎముకని తగ్గించుకుంటూ పోతుంది.

డాక్టర్ గారు చెప్పినదాని ప్రకారం, షుగర్ వల్ల కళ్ళు, కిడ్నీలు, నరాలు లాంటివి దెబ్బతింటాయని మనందరం విన్నదే. ఆ జాబితాలో చిగుళ్ళ జబ్బుని ఆరోదిగా చేర్చాలని హెరాల్డ్ లోయె అనే దంత శాస్త్రవేత్త 1993లోనే రాశారట. అంటే ఇదేమీ నిన్నమొన్న యూట్యూబ్‌లో పుట్టిన సంగతి కాదు. అయినా ఇన్నేళ్ళలో నా కళ్ళు చూసినవాళ్ళు, కాళ్ళు చూసినవాళ్ళు ఉన్నారు గానీ నోరు తెరవమన్నవాళ్ళు లేరు. పళ్ళ డాక్టర్లు వేరే వీధిలో, ఒంటి డాక్టర్లు వేరే వీధిలో ఉంటారు, మధ్యలో మనమే ఫైలు మోసుకుంటూ తిరగాలి.

సరే, మొదట ఒక పెద్ద క్లినిక్‌కి వెళ్ళాను. పేరు ఎందుకులెండి. అద్దాల తలుపు, ఏసీ, గోడ మీద నవ్వే మొహాలు. ఒక ఎక్స్‌రే తీసి పది నిమిషాల్లో తేల్చేశారు, కింద ముందు పళ్ళు కదులుతున్నాయి కాబట్టి అవి తీసేసి ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే పెట్టుడు పళ్ళు, పెట్టాలి అని. ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టారు, ఆ అంకె చూస్తే నా బీపీ కూడా పెరిగేలా ఉంది. నేను అడిగింది ఒకటే: "అసలు చిగుళ్ళకి జబ్బు ఉంటే, అది తగ్గించకుండా కొత్త పన్ను పెడితే దానికి మాత్రం రాదా?" సరిగ్గా జవాబు రాలేదు. తర్వాత తెలిసింది, ఇంప్లాంట్ చుట్టూ కూడా ఇదే రకం జబ్బు వస్తుంది, ఎముక తగ్గుతుంది, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ.

మా షుగర్ డాక్టర్ గారే మళ్ళీ చెప్పారు, మామూలు పళ్ళ డాక్టర్ కాదు, ఎండీఎస్‌లో, అంటే పళ్ళ వైద్యంలో పీజీలో, చిగుళ్ళే ప్రత్యేకంగా చదివినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, పీరియోడాంటిస్ట్ అంటారు, అని. అలా బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసే, మా అమ్మాయి ఈడు ఉంటుంది. ఎక్స్‌రే కంటే ముందు ఒక సన్నని పుల్లలాంటి పరికరం తీసుకుంది, దాని మీద మిల్లీమీటర్ల గీతలు ఉన్నాయి. పంటికీ చిగురుకీ మధ్య సందులో దాన్ని మెల్లగా దించి లోతు ఎంతో చెప్తుంటే అసిస్టెంట్ రాసుకుంటూ పోయింది. ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. 1, 2, 3 అంటే మామూలే. 4 నుంచి అనుమానం. నాకు ముందువైపు 3, 4 అంటూ నడిచిన లెక్క దవడల వైపు వెళ్ళేసరికి 5, 6, 6, ఒకచోట 7 అయింది. జీవితమంతా అంకెలు రాసి బతికినవాణ్ణి, ఇంత టెన్షన్ పెట్టిన అంకెలు ఎప్పుడూ వినలేదు. పుల్ల పెట్టి తీసిన ప్రతిచోటా రక్తం. మీరు ఎక్కడికి వెళ్ళినా ఈ కొలత తీస్తున్నారో లేదో చూడండి. అది తీయకుండా చిగుళ్ళ గురించి ఎవరు ఏం చెప్పినా నేనైతే ఇప్పుడు నమ్మను.

తర్వాత ఓపీజీ అని మొత్తం దవడలు ఒకే ఫిల్మ్‌లో వచ్చే ఎక్స్‌రే తీయించింది. పళ్ళ మెడ దగ్గర ఉండాల్సిన ఎముక కొన్నిచోట్ల వేరులో మూడో వంతు కిందకి దిగిపోయి ఉంది. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదని మొదటిరోజే చెప్పేసింది. ఉన్నది ఆపుకోవడమే. నాకు ఆ మాట నచ్చింది.

ఎలా జరుగుతుందో ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. పాచి అంటే క్రిముల పొర, తోమితే పోతుంది. బ్రష్ తగలని చోట లాలాజలంలో ఉండే కాల్షియం పట్టి అది గట్టిపడుతుంది, దాన్నే మనం గార అంటాం. గార ఒకసారి పట్టాక మీరు ఏ బ్రష్ వాడినా, వేప పుల్ల నమిలినా, పొద్దున్నే నువ్వుల నూనె పుక్కిలించినా కదలదు. (మా బావమరిది ఆయిల్ పుల్లింగ్ మీద వీడియోలు పంపిస్తూనే ఉన్నాడు, అతని మాట తీసేయలేక చూస్తున్నాను.) ఆ గరుకు మీద మళ్ళీ పాచి చేరుతుంది, చిగురు వాచి పంటిని వదిలేస్తుంది, సందు ఏర్పడుతుంది. గాలి తగలని ఆ సందులో పెరిగే క్రిములే వేరు. వాటితో పోరాడబోయి మన ఒంటి రక్షణ వ్యవస్థే చుట్టూ ఉన్న ఎముకని కరిగించేస్తుంది.

ఇక షుగర్‌తో సంబంధం. ఆ సందుల లోపలి గోడలన్నీ పుండు పడి ఉంటాయి. నోరంతా జబ్బు ఉన్నవాళ్ళలో ఆ పుండునంతా పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని లెక్క కట్టారట, అంటే పెద్దదైతే అగ్గిపెట్టె మూత అంత. "అంకుల్, అంత చీము పుండు మీ కాలి మీద ఉంటే షుగర్ డాక్టర్ ఊరుకుంటారా?" అంది. ఊరుకోరు, నిజమే. ఆ పుండు నుంచి ఇరవై నాలుగు గంటలూ క్రిములూ, వాపుని పెంచే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి పదార్థాలూ రక్తంలోకి వెళ్తుంటాయి. అవి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి, మాత్ర వేసుకున్నా చక్కెర కణాల్లోకి సరిగ్గా వెళ్ళదు. రెండోవైపు నుంచి, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే తెల్లకణాలు మందగిస్తాయి, చిగుళ్ళలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, పుండు మానదు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ అంటారు. ఇది దాన్ని పెంచుతుంది, అది దీన్ని పెంచుతుంది.

ఇంట్లో చెప్పగానే మా అమ్మ ఒప్పుకోలేదు. "ఒరే, గార తీయిస్తే ఉన్న పళ్ళు కూడా కదుల్తయిరా, మీ నాన్నకి అట్టాగే ఊడినయ్." ఇది ఆమె ఒక్కదాని మాట కాదు, మన వైపు సగం మంది నమ్మకం ఇదే. డాక్టరమ్మని అడిగితే నవ్వలేదు, విసుక్కోలేదు, అందులో కొంత నిజం ఉందంది. ఎముక అప్పటికే పోయి కదులుతున్న పళ్ళని చుట్టూ పట్టిన గార ఒకదానికొకటి అతికించి నిలబెట్టి ఉంచుతుంది. గార తీయగానే ఆ ఆసరా పోయి అసలు కదలిక బయటపడుతుంది. కదిలించింది గార తీయడం కాదు, అప్పటికే పోయిన ఎముక. నాన్నకి కూడా అదే అయ్యుంటుంది. అమ్మకి చెప్తే "ఏమో నాయనా" అంది, ఆమె ఏమో అందంటే ఒప్పుకున్నట్టే.

మే నెలలో యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు మొదలుపెట్టాం. మొదటి విడత పైపైన గార తీయడం, స్కేలింగ్. కుయ్యిమని శబ్దం, నీళ్ళు చిమ్ముతుంటాయి, భరించొచ్చు. తర్వాత అసలు పని. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నోటిలో ఒక్కో భాగం చొప్పున చిగురు లోపల వేరు మీద పట్టిన గారని చేతి పరికరాలతో గీకి నున్నగా చేస్తారు, రూట్ ప్లానింగ్ అంటారు. నొప్పి తెలియదు గానీ గీకుతున్న చప్పుడు మాత్రం పుర్రెలో వినిపిస్తుంది. అది నాకు అస్సలు నచ్చలేదు. ఇంకో సంగతి, షుగర్ ఉన్నవాళ్ళు దీనికి ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. నన్ను పొద్దున టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని రమ్మంది. కుర్చీలో కూర్చోబెట్టే ముందు వేలి నుంచి చుక్క తీసి చూసేది. మత్తు దిగేదాకా తినలేం కాబట్టి, మాత్ర వేసుకుని టిఫిన్ మానేసి వెళ్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. గుండెకి స్టెంట్లు వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే ఆ సంగతి చెప్పాలి, అలాగని రక్తం వస్తుందేమో అని సొంతంగా ఆ మాత్రలు ఆపేయకూడదు. పళ్ళ రక్తం ఆపడం తేలిక, స్టెంట్‌లో గడ్డ కడితే మాత్రం ప్రాణం మీదకి వస్తుంది.

తర్వాత కొన్నాళ్ళు బాగా ఇబ్బందిగానే ఉంది, దాచడం ఎందుకు. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేది. చిగుళ్ళ వాపు తీసేసరికి పళ్ళు పొడుగ్గా కనబడ్డాయి, మధ్యలో నల్లటి సందులు తేలాయి. అద్దంలో చూసుకుని నేనే భయపడ్డాను. "ఏవండీ, బాగు చేశారా, పాడు చేశారా?" అని మా ఆవిడ. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు పుక్కిలించమన్నారు. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడాలి, లేకపోతే పేస్టులోని నురగ దాని పని చెడగొడుతుంది. అది వాడినన్నాళ్ళూ నాలుకకి ఉప్పు తెలియలేదు. గోంగూర పచ్చడిలో ఉప్పు వేయడం మర్చిపోయావా అని అడిగి మాటపడ్డాను. పళ్ళ మీద గోధుమరంగు మరకలు కూడా వస్తాయి, అందుకే చెప్పినన్నాళ్ళే వాడి ఆపేయాలి.

తోముకోవడం ఈ వయసులో మళ్ళీ నేర్పించారు. మెత్తటి బ్రష్, చిగురు అంచుకి 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టి చిన్నగా కదపడం, గట్టిగా రుద్దడం కాదు. పళ్ళ సందులకి సీసా కడిగే బ్రష్‌లా ఉండే చిన్న బ్రష్‌లు వస్తాయి, ఇంటర్‌డెంటల్ బ్రష్ అని మెడికల్ షాపులో అడగాలి, సందుని బట్టి సైజు. రాత్రి పడుకునే ముందు దీనికి ఒక పది నిమిషాలు పోతుంది. మొదటివారం రక్తం వచ్చింది, ఆపొద్దన్నారు, మెల్లగా తగ్గిపోయింది. నా అభిప్రాయంలో డాక్టర్ చేసినదానికంటే ఈ పది నిమిషాలే కష్టం, ఎందుకంటే ఇది రోజూ ఉంటుంది, మెచ్చుకునేవాళ్ళు కూడా ఉండరు.

మూడు నెలల తర్వాత మళ్ళీ కొలిచింది. 5, 6 ఉన్నవి చాలాచోట్ల 3, 4కి వచ్చాయి. నోటి వాసన పోయిందని మా ఆవిడ అంది, అంటే ఇన్నాళ్ళూ ఉండేదన్నమాట. హెచ్‌బీఏ1సీ 7.8. మందులు అవే, మోతాదు అదే. నేను ఎగిరి గంతేయబోతుంటే షుగర్ డాక్టర్ గారు ఆపారు. చిగుళ్ళ వైద్యం వల్ల తగ్గేది సగటున ఎంతో చాలా అధ్యయనాలు కలిపి చూశారు, 2022లో కొక్రేన్ అనే సంస్థ వేసిన సమీక్ష ప్రకారం 3, 4 నెలలకి సుమారు 0.4, ఆరు నెలలకి 0.3. మీకు ఇంకాస్త ఎక్కువ తగ్గింది, ఎండాకాలం సెలవుల్లో నిద్ర, నడక, ఇంటి తిండి కూడా కలిసొచ్చి ఉంటాయి, అన్నారు. అది న్యాయమైన మాట. 0.4 అంటే తక్కువేం కాదు, ఇంకో మాత్ర కలిపితే వచ్చే తేడాకి దగ్గర దగ్గరగా ఉంటుంది. అలాగని చిగుళ్ళు బాగు చేయించుకున్నాం కదా అని మాత్రలు మానేసేవాళ్ళుంటే, దయచేసి నా పేరు చెప్పొద్దు.

ఈ అనుభవం తర్వాత వాట్సాప్‌లో "చిగుళ్ళ జబ్బుతో గుండెపోటు, మతిమరుపు, కీళ్ళనొప్పులు" అని వచ్చేవన్నీ నాకే పంపిస్తున్నారు. డాక్టరమ్మని అడిగాను. షుగర్ విషయంలో రెండువైపులా సంబంధం గట్టిగా తేలింది. గుండె విషయంలో చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండెజబ్బు ఎక్కువగా కనబడుతుంది, కానీ ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పొగతాగడం, షుగర్ లాంటివి రెండింటికీ ఉమ్మడి కారణాలు కదా. ఒక్క సందర్భం మాత్రం వేరు: గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు, అంతకుముందు గుండె లోపొరకి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళు, పుట్టుకతో కొన్నిరకాల గుండె లోపాలు ఉన్నవాళ్ళు, పళ్ళ పనికి ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి, లేకపోతే నోటి క్రిములు రక్తంలో కలిసి నేరుగా కవాటం మీద కూర్చునే ప్రమాదం ఉంది. మిగతావాళ్ళలో చాలామందికి ఆ అవసరం లేదు. ఇంకోటి కూడా చెప్పింది. వంద ఏళ్ళ కిందట, 1910లో విలియం హంటర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ నోటిలోని ఇన్‌ఫెక్షనే ఒంట్లో రోగాలకి మూలం అని ఉపన్యాసమిస్తే, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు కీళ్ళనొప్పికీ, పిచ్చికీ కూడా పళ్ళు పీకేశారట. సంబంధం ఉంది కదా అని అన్నీ దానికే కట్టేస్తే అలాగే ఉంటుంది.

మా కొట్టు యజమానికి ఇది చెప్తే "నాకు చుక్క రక్తం రాదు, నా చిగుళ్ళు బండరాళ్ళు" అన్నారు. ఆయన రోజుకి పెట్టె సిగరెట్లు తాగుతారు. నికోటిన్ రక్తనాళాలని బిగించేస్తుంది కాబట్టి పొగతాగేవాళ్ళకి జబ్బు ఉన్నా రక్తం తక్కువ వస్తుంది, అది చూసి మోసపోతారు. వెళ్ళి కొలిపించుకోమన్నాను, వెళ్తానన్నారు, ఇంకా వెళ్ళలేదు. మా అక్కది మరో కథ. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంది, చిగుళ్ళు పంటి మీదకి పెరిగి వచ్చేశాయి. ఆ మందు కొంతమందిలో అలా చేస్తుందట. డాక్టర్ని అడిగి వేరే మాత్రకి మార్పించుకుంది, గార తీయించుకుంది, ఇప్పుడు తగ్గుతోంది.

డబ్బు గురించి అడుగుతున్నారు. ప్రైవేట్‌లో ఖర్చు ఒక్కో చోట ఒక్కోలా ఉంది కాబట్టి అంకె చెప్పను. చేతిలో డబ్బు తక్కువ, తీరిక ఎక్కువ ఉన్నవాళ్ళకి డెంటల్ కాలేజీలు మేలు. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, మన పక్కన తక్కెళ్ళపాడులో ప్రైవేట్ కాలేజీ ఉంది, చిగుళ్ళకి ప్రత్యేకంగా విభాగం ఉంటుంది, పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల ముందు చేస్తారు. టైం పడుతుంది, చిగుళ్ళ కొలతల చార్ట్ మాత్రం ఓపిగ్గా రాస్తారు.

నా సంగతికొస్తే, ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్ళాలి, సందుల్లో క్రిములు మళ్ళీ చేరడానికి ఇంచుమించు అంత కాలం చాలట. కింద కుడివైపు దవడ పన్ను ఒకటి ఇంకా లొంగలేదు. వేర్లు చీలే చోట 6 అలాగే ఉంది, పరికరం అక్కడికి అందదు, చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేయాలంది, ఫ్లాప్ సర్జరీ అంటారు. షుగర్ ఇలాగే ఉంటే చేయొచ్చంది. సంక్రాంతి దాటితే యార్డుకి సరుకు దిగడం మొదలవుతుంది, ఇక నేను దొరకను, అందుకని డిసెంబర్‌లో రమ్మని తేదీ ఇచ్చింది.